పక్కవారి నియామకం

పోనీ, ముందు తనే పెట్టుకుంటే ఏమవుతుంది? ఏమీ కాదు. ఆకాశం విరిగి మీద పడదు. మహా అయితే పప్పు గరిటె పట్టుకున్న సత్తెమ్మ ఒకసారి ఎగాదిగా చూస్తుంది. వరుసలో ముందున్న పిల్ల వెనక్కి తిరుగుతుంది, చూస్తుంది, ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడంలోనే ఉంటుంది అంతా. అంటే బాగుండును. అన్నదానికి ఏదో ఒక జవాబు చెప్పవచ్చు. అననిదానికి మంచం మీద దొర్లుతూ జవాబులు చెప్పుకోవాలి. పోనీ, జలుబు చేసినట్టు నటించి పెట్టుకుంటే? అప్పుడు, జలుబున్నదానివి మెస్సుకెందుకు వచ్చావంటారు. అనరు, అనుకుంటారు. అదే కదా అసలు గొడవ.

ఇలా అనుకుంటూనే వాగ్దేవి కంచం పట్టుకుని పప్పు దాకా వచ్చేసింది. మాస్కు ఆమె చున్నీ చాటున గుప్పిట్లోనే నలిగి ఉంది. ముక్కులూ నోళ్ళూ బారులు తీరి ఉన్న ఆ లేడీస్ హాస్టల్ మెస్సులో ఒక్క ముఖానికీ గుడ్డ లేదు. సత్తెమ్మ పప్పు వేసింది. వాగ్దేవి కంచం తీసుకుని మూలకి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చుంది.

పేరు పెట్టినవాళ్ళు ఆశపడ్డారు గానీ వాగ్దేవికి మాట అంత త్వరగా రాదు. నాలుక మీదికి వచ్చిన మాటను వెనక్కి పిలిచి, తల దువ్వి, బొట్టు పెట్టి మళ్ళీ పంపేసరికి ఎదుటివాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. అలాంటి మనిషి మనస్తత్వశాస్త్రంలో పరిశోధనకు చేరిందంటే ఆశ్చర్యం లేదు. ఇతరులు ఏమనుకుంటున్నారో తెలుసుకోవడానికి యూనివర్సిటీ వాళ్ళు స్టైపెండ్ ఇస్తామంటే, ఉచితంగానే ఆ పని చేస్తున్న మనిషి ఎందుకు కాదంటుంది?

కరోనా మొదటి దెబ్బ కాస్త తగ్గి, రెండోది ఇంకా గుమ్మంలోనే ఉన్న రోజులవి. యూనివర్సిటీ తెరిచారు. మాస్కు పెట్టుకోకపోతే జరిమానా అని ప్రతి చెట్టుకీ ఒక బోర్డు కొట్టారు. పిల్లలు కూడా తమ మర్యాద తాము పాటించారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి కనపడేలా ముక్కు మీదికి, గేటు దాటగానే గడ్డం కిందికి, క్లాసులో మోచేతికి, హాస్టల్ గదిలో కిటికీ ఊచకి. ఆ ఊచలకు వేలాడే మాస్కులు గాలికి ఊగుతుంటే దూరం నుంచి చూసినవాళ్ళకి ఈ హాస్టల్లో ఎంత శ్రద్ధో అనిపించేది.

వాగ్దేవి పరిశోధన దీని మీదే. ఆమె గదిగదికీ వెళ్ళి, తలుపు దగ్గరగా వేసి, ఒక్కొక్కరినీ విడిగా అడిగింది. దాదాపు అందరూ ఒకే మాట చెప్పారు. నాకు పెట్టుకోవాలనే ఉందక్కా, ఇంటికి వెళ్తే తాతగారికి అంటిస్తానేమోనని భయం, కానీ ఎవరూ పెట్టుకోవడం లేదుగా. ఆ ఎవరూ ఎవరని వెతుక్కుంటూ ఆమె పక్క గదికి వెళ్తే, వాళ్ళు ఆ పక్క గది చూపించారు. అలా మూడంతస్తులూ ఎక్కి దిగితే, ఆ ఎవరూ అనేవాళ్ళు ఎక్కడా లేరు. లేనివాళ్ళకి భయపడి హాస్టలంతా మూతులు విప్పుకుని తిరుగుతోంది. ఇది కనిపెట్టిన రోజున వాగ్దేవి ఒక్కతే మేడ మెట్ల మీద కూర్చుని నవ్వుకుంది. తరువాత మెస్సుకి వెళ్ళి, మాస్కు గుప్పిట్లో పెట్టుకుని, గోడవైపు తిరిగి అన్నం తింది.

ఈ సంగతంతా ఆమె ఒక సెమినార్లో చదవాల్సి వచ్చింది. ఉపకులపతి ఆచార్య గజేంద్రవరప్రసాద్ గారు జ్యోతి వెలిగించి వెళ్ళిపోదామని వచ్చి, కారు డ్రైవరు టీకి వెళ్ళడం వల్ల మొదటి వరుసలో ఉండిపోయారు. ఆయన అసలు చదివింది నీటిపారుదల. యూనివర్సిటీని కూడా ఆయన ఒక ఆయకట్టులాగే చూసుకునేవారు. కళ్ళు మూసుకుని వింటున్న ఆయన, విద్యార్థులు నిబంధనను చూసి కాదు, పక్కవారిని చూసి నడుచుకుంటారు అని వాగ్దేవి చదివిన చోట కళ్ళు తెరిచారు. లేచి నిలబడ్డారు.

"ఒక్క క్షణం అమ్మా. అనగా విద్యార్థి ప్రవర్తనకు మూలాధారం నిబంధన కాదు, పక్కవారు. నీ పరిశోధన సారాంశం అదేనా?"

వాగ్దేవి అవునంది. అవును, కానీ పక్కవారు ఏమనుకుంటున్నారో విద్యార్థికి తెలియదు, ఆ నిజం తెలిస్తే చాలు, అని చెప్పడానికి, కానీ అన్న మాట దగ్గర ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరిలో చప్పట్లు మొదలయ్యాయి.

"అయితే లోపం విద్యార్థిలో లేదు, పక్కవారిలో ఉంది," అన్నారు ఉపకులపతి హాలంతటినీ కలయజూస్తూ. "ప్రవాహాన్ని అడ్డుకోవడం పాత ఇంజనీరింగు. కాలువ తవ్వడం కొత్త ఇంజనీరింగు. పక్కవారిని మనమే సరఫరా చేద్దాం."

వారం తిరక్కుండా పక్కవారి విభాగం ఏర్పడింది. దానికి డైరెక్టరుగా వాగ్దేవి గైడు ఆచార్య సదాశివంగారిని నియమించారు. ఆయన అప్పటిదాకా జిరాక్సు మిషనుతో కలిసి ఒకే గదిలో ఉండేవారు. ఎవరైనా కాపీ తీసుకోవాలంటే ఆయన లేచి కుర్చీ జరపాలి. ఇప్పుడు ఏసీ గది, తలుపు మీద ఇత్తడి పలక, ఆ పలకను రోజూ తుడవడానికి ఒక మనిషి. వాగ్దేవి వెళ్ళి, తను చెప్పింది అది కాదని, ఉన్నవాళ్ళ మనసులో మాట ఉన్నవాళ్ళకి తెలియజేస్తే చాలని, కొత్తగా ఎవరినీ తయారు చెయ్యక్కర్లేదని, నాలుగు విడతల్లో చెప్పుకుంది. సదాశివంగారు ఏసీ చల్లదనం కొంచెం తగ్గించారు.

"చూడమ్మా, నీ సిద్ధాంతం ఆచరణలోకి వచ్చింది. ఎంతమందికి దక్కుతుంది ఈ భాగ్యం? ఆచరణలోకి వచ్చాక సిద్ధాంతం కొంచెం సర్దుకు కూర్చోవాలి."

ఆమె థీసిస్ మీద ఆయన సంతకం కావాలి. వాగ్దేవి కూడా సర్దుకుంది.

మొదటి సర్క్యులరు ప్రకారం చెట్లకున్న మాస్కు బోర్డులన్నీ పీకేశారు. జరిమానాలు రద్దయ్యాయి. నిబంధన కంటపడిన యెడల విద్యార్థి దృష్టి పక్కవారి మీది నుండి మళ్ళు ప్రమాదము కలదని కారణం రాశారు. రెండో సర్క్యులరులో పక్కవారి ఎంపిక విధానం వచ్చింది. సగం ముఖము కప్పబడినను మిగిలిన సగముతో ఇతరులను ఆకర్షింపగల సామర్థ్యము అవసరము. ఎంపికైన వారికి చేతికి ఆకుపచ్చ పట్టీ, మెస్సులో వరుస లేకుండా వడ్డన, లైబ్రరీలో ఫ్యాను కింద కుర్చీ.

ఎంపికైన మొదటి పక్కవారు నూకరత్నం. వాగ్దేవి రూమ్మేటు. తుని దగ్గర నుంచి వచ్చి కెమిస్ట్రీ ఎమ్మెస్సీ చేస్తోంది. ఆ పిల్ల నవ్వితే కింది అంతస్తులో ఎవరో తెలియకుండానే నవ్వేవారు. ఒకరోజు జామకాయకి ఉప్పూకారం అద్దుకుని వరండాలో తిన్నదంటే, సాయంత్రానికి ఆ వింగ్ అంతా జామకాయల వాసనే. చిన్నప్పటి నుంచి కాస్త ఆయాసం ఉంది కాబట్టి మూడో అంతస్తు ఎక్కాక గుమ్మం పట్టుకుని నిలబడుతుంది. ఊపిరి తీసుకుంటూనే కబుర్లు మొదలుపెడుతుంది. ఇంటర్వ్యూలో ఏమడిగారో ఆ రోజు అలాగే గుమ్మం పట్టుకుని చెప్పింది. ముందు మాస్కు పెట్టుకుని గదిలో ఈ చివర నుంచి ఆ చివరకి నడవమన్నారట. తరువాత పెట్టుకోకుండా నడవమన్నారట. ఏది ఎక్కువ అనుసరణీయంగా ఉందో కమిటీ సభ్యులు చర్చించుకున్నారట.

"చూపిస్తున్నట్టు కనపడకుండా చూపించాలంటక్కా," అంది, పట్టీ కట్టిన చెయ్యి అద్దం ముందు అటూ ఇటూ తిప్పుకుంటూ. "నన్ను పెళ్ళిచూపుల్లో కూడా ఇంత కష్టపెట్టలేదు."

నిజం చెప్పాలంటే మొదట్లో పథకం పనిచేసింది. నూకరత్నం మాస్కుతో మెస్సుకి వచ్చిన పూట, ఆమె వెనక ముగ్గురు మాస్కులు బయటికి తీసి ముక్కుకి పెట్టుకున్నారు. మర్నాటికి కిటికీ ఊచలు ఖాళీ అయ్యాయి. వాగ్దేవి కూడా గుప్పిట తెరిచి, గుంపులో గుంపుగా, ఎవరూ తనను ప్రత్యేకంగా చూడరన్న ధైర్యంతో ముక్కూ నోరూ కప్పుకుంది. ఎంత హాయి. తన పరిశోధన తప్పు దారిన వెళ్ళి సరైన ఊరికి చేరిందేమోనని కూడా అనుకుంది. ఈ పథకం ఇక్కడ ఆగిపోయి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ విజయవంతమైన పథకాన్ని అక్కడే ఆపిన ఆఫీసు ఏదైనా ఉందా?

మొదటి చిక్కు ఆరడుగుల దగ్గర వచ్చింది. మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగుల ఎడం ఉండాలని నేల మీద తెల్లటి వలయాలు గీసి ఉన్నాయి కదా, ఆరడుగుల అవతల ఉన్న మనిషి పక్కవాడెలా అవుతాడని ఎవరో అకౌంట్స్ వాళ్ళు అభ్యంతరం లేవదీశారు. పక్కన లేని మనిషికి పక్కవారి సదుపాయాలు ఎలా మంజూరు చెయ్యాలి? దీని మీద రెండు సమావేశాలు జరిగాయి. సాన్నిధ్యం లేనిదే ప్రభావం లేదు అని ఉపకులపతి తేల్చారు. పాత వలయాలు చెరిపి, ఇద్దరేసి పట్టేలా కొత్త వలయాలు గీశారు. పక్కవారు ఇకమీదట భుజానికి భుజం తగిలేలా ఉండాలి.

టీ కొట్టు దగ్గర ఇంకో చిక్కు. టీ తాగాలంటే పక్కవారు మాస్కు దించాలి. దించితే చూసినవాళ్ళు దించుతారు. అందుకని టీ కొట్టు డ్యూటీలో ఉన్న పక్కవారు టీ తాగరాదు, తాగబోవుచున్నట్లు ఉండవలెను అని ఆదేశం వచ్చింది. ఎమ్మే ఎకనామిక్స్ కుర్రాళ్ళు నలుగురు చేతిలో గ్లాసులతో, టీ మీద మీగడ కట్టేదాకా, ఎటో ఆలోచిస్తున్నట్టు నిలబడేవారు. టీ కొట్టు నారాయుడు చల్లారిన గ్లాసులు వెనక్కి తీసుకుని, వేడి చేసి, మళ్ళీ వాళ్ళకే ఇచ్చేవాడు.

ఈలోగా మెస్సులో వరుస లేని వడ్డన సంగతి అందరికీ తెలిసింది. అందరూ పక్కవారి పోస్టుకు అర్జీ పెట్టారు. ఉత్సాహాన్ని నిరుత్సాహపరచడం విభాగానికి ఇష్టం లేదు. నెల తిరిగేసరికి ప్రతి చేతికీ ఆకుపచ్చ పట్టీ ఉంది. వరుస లేని వడ్డన కోసం పెద్ద వరుస ఏర్పడింది. సదాశివంగారు నివేదిక పంపారు, పక్కవారు సంపూర్ణము, ప్రభావితులు శూన్యము అని.

మామూలు మనిషైతే అందరూ మాస్కులు పెట్టుకున్నారు గదా, పని అయిపోయింది అనుకుంటాడు. ఉపకులపతిగారికి ఆ నివేదిక పిడుగులా తగిలింది. ఎందుకంటే ఈ పథకం గురించి విని, రాజధాని నుంచి ఒక పరిశీలక బృందం శుక్రవారం వస్తోంది. ప్రభావం ఎలా వ్యాపిస్తుందో వాళ్ళు కళ్ళారా చూస్తారట. అందరూ ముందే పెట్టుకుని కూర్చుంటే వ్యాపించడానికి ఏం మిగిలింది? కాలువ తవ్వారు, నీళ్ళు వచ్చాయి, ఎండిన చేను లేదు. వెంటనే ఒక చేనును ఎండబెట్టాలి.

అలా పుట్టింది చూసేవారి పదవి. పసుపుపచ్చ పట్టీ. చూసేవారు ముఖాన ఏమీ లేకుండా తిరగాలి, పక్కవారిని చూడాలి, క్రమేణా మారాలి. ఒక్కరూ అర్జీ పెట్టలేదు. వార్డెను భ్రమరాంబగారు ఒక పూట పసుపు పట్టీ పట్టుకుని మూడో అంతస్తు ఎక్కి వచ్చింది. మంచి మనిషి, పాపం. పై నుంచి వచ్చిన కాగితం ఏదైనా రెండు చేతులతో అందుకుంటుంది.

"అమ్మాయ్ వాగ్దేవీ, ఆ మాస్కు తీసెయ్యమ్మా."

వాగ్దేవి పొరపాటుగా విన్నాననుకుంది. తియ్యమంటున్నారా మేడమ్ అని అడిగింది.

"శాశ్వతంగా కాదులే. నువ్వు ప్రభావితురాలివి అయ్యేదాకా."

"ఎప్పుడవుతాను మేడమ్?"

భ్రమరాంబగారు కాగితం చూసుకుంది. "శుక్రవారం పదకొండింటికి."

మంచం మీద నుంచి నూకరత్నం నవ్వింది. నవ్వు మధ్యలో దగ్గుగా మారింది. వార్డెను ముఖం మాడిపోయింది. ఇలాంటివి పెట్టుకోకమ్మా, ఎవరైనా చూస్తే, అని కొంగుతో నోరు మూసుకుంటూ వెళ్ళిపోయింది.

ఎవరైనా చూస్తే అనడానికి కారణం ఉంది. అప్పటికి మూడో సర్క్యులరు వచ్చింది. మంచి అలవాటు చూచి వచ్చునప్పుడు చెడు అలవాటు కూడా చూచియే వచ్చును, కావున అస్వస్థత సైతము అనుకరణజన్యము అన్నది దాని సారం. ఆరోగ్య కేంద్రం ముందు ఇద్దరు నిలబడితే క్లాసు కిటికీల్లోంచి కనిపిస్తోందట, మర్నాడు నలుగురు నిలబడుతున్నారట. వరుస అనేది జబ్బుకి ప్రచారం. అందుకని ఆరోగ్య కేంద్రం ముందు తలుపుకి తాళం వేసి, జనరేటరు షెడ్డు వెనక ఒక చిన్న తలుపు తీశారు. ముందు గోడ మీద, ఈ ప్రాంగణంలో ఎవరికీ జ్వరం లేదు, అని పెద్ద అక్షరాలతో రాయించారు. అది చదివాక, ఉన్నవాళ్ళకి తమకొక్కరికే ఉందనిపించింది. వెళ్ళడం మానేశారు. డాక్టరు వారపత్రికలు తిరగేస్తూ కూర్చున్నాడు. జ్వరాల సంఖ్య సున్నాకి దిగిందని విభాగం పండగ చేసుకుంది.

దగ్గు మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. క్లాసులో పిల్లలు దగ్గు మింగుతుంటే మెడ నరాలు ఉబ్బేవి, కళ్ళు నీళ్ళు కారేవి. పాఠం హృదయాన్ని తాకుతోందని తెలుగు లెక్చరరు పొంగిపోయాడు. మెస్సులో సత్తెమ్మ గ్రైండరు వెయ్యడం కోసం అందరూ ఎదురుచూసేవారు. అది గరగరమనగానే హాలు హాలంతా దగ్గేది, ఎవరి కంచంలోకి వాళ్ళు, తలలు దించుకుని. గ్రైండరు ఆగగానే మళ్ళీ ఎవరికీ ఏమీ లేదు. వాగ్దేవి ముఖాన గుడ్డ లేకుండా, పసుపు పట్టీతో, ఈ దగ్గుల మధ్య అన్నం తింటూ, మళ్ళీ అదే అనుకునేది. ప్రతివాళ్ళకీ తెలుసు, ప్రతివాళ్ళూ తామొక్కరే అనుకుంటున్నారు. ఇప్పుడు దీన్ని గదిగదికీ వెళ్ళి అడగాల్సిన పని కూడా లేదు. వినిపిస్తూనే ఉంది.

గురువారం నాటికి నూకరత్నం కబుర్లు ఆగిపోయాయి. అది వాగ్దేవిని అన్నిటికన్నా భయపెట్టింది. నుదురు మీద చెయ్యి వేస్తే పెనంలా ఉంది. లే, ఆసుపత్రికి పోదాం, అంది.

"పక్కవారికి జ్వరమేంటక్కా, నవ్విపోతారు," అంది నూకరత్నం గోడకి ఆనుకుని కూర్చుని. పడుకుంటే ఊపిరి అందడం లేదట. "నేను జ్వరమంటే అందరూ జ్వరమంటారని సదాశివం సారు ముందే చెప్పారు. రేపు స్టేజీ మీద నేనే. రేపొక్క రోజు."

వాగ్దేవి సదాశివంగారి దగ్గరికి వెళ్ళింది. దారి పొడుగునా మాటకు తల దువ్వి బొట్టు పెట్టి తయారుచేసుకుంది. ఆయన విన్నారు. విచారపడ్డారు కూడా. ఇత్తడి పలక ఉన్న తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, ఆ అమ్మాయిని మార్చడానికి లేదని, బృందానికి పంపిన ఫోటోల్లో ఉన్నది ఆమేనని చెప్పారు.

"శుక్రవారం తరువాత ఆమెకు జ్వరం రావచ్చు," అన్నారు. "నేను అభ్యంతరం చెప్పను." అని, ఆమె థీసిస్ ఎంతదాకా వచ్చిందో, తను ఎప్పుడు సంతకం పెడితే బాగుంటుందో అడిగారు.

వాగ్దేవి తిరిగి వచ్చేసింది. మెట్లెక్కుతూ తన మీద తనకు కలిగిన భావాన్ని పరీక్షించి చూసుకుంది. అది కోపం కాదు. పక్కన ఎవరైనా ఉండి, ముందు వాళ్ళు అని ఉంటే, తనూ అనేది. అంతే. అందరికీ ఒక పక్కవారు కావాలి. అందరూ పక్కకి చూస్తూ ఉంటే, చూపులన్నీ తిరిగి తిరిగి ఎక్కడ ఆగుతాయి? గది తలుపు తోస్తే, నూకరత్నం గోడకి ఆనుకునే కళ్ళు మూసుకుని ఉంది. ఆమె ఊపిరి సన్నగా ఈల వేస్తోంది.

శుక్రవారం ఆడిటోరియం కిటకిటలాడింది. ప్రభావం కనపడాలంటే జనం కనపడాలని కిటికీలు మూసి కర్టెన్లు వేసి, లైట్లన్నీ స్టేజీ మీదికి తిప్పారు. స్టేజీ మీద ఒకే తెల్లటి వలయం, అందులో భుజానికి భుజం తగిలేలా రెండు కుర్చీలు. ఒక దాంట్లో ఆకుపచ్చ పట్టీతో, మాస్కుతో నూకరత్నం. రెండో దాంట్లో పసుపు పట్టీతో, ఖాళీ ముఖంతో వాగ్దేవి. ముందు వరుసలో పరిశీలక బృందం శాలువాలు కప్పించుకుని కూర్చుంది. ఉపకులపతి ప్రవాహం గురించి చెప్పారు, కాలువ గురించి చెప్పారు, మానవ ప్రవర్తనను ఆయకట్టుగా భావించిన తొలి విశ్వవిద్యాలయం మనదేనన్నారు. గంట కొట్టగానే చూసేవారు ఎడమవైపు తిరిగి పక్కవారిని చూస్తారని, మూడంకెలు లెక్కపెట్టేంతలో ప్రభావితులవుతారని, ఒడిలో ఉన్న మాస్కు తీసి ధరిస్తారని వివరించారు. బుధవారం నాటి రిహార్సల్లో ఇదంతా బాగా వచ్చింది.

గంట కొట్టారు.

వాగ్దేవి ఎడమవైపు తిరిగి చూసింది.

నూకరత్నం కళ్ళు ఎర్రగా, ఎటూ చూడకుండా ఉన్నాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా మాస్కు గుడ్డ నోట్లోకి లాక్కుపోతోంది, వదిలినప్పుడు సగమే వెనక్కి వస్తోంది. భుజాలు ఎగిరి ఎగిరి పడుతున్నాయి. కుర్చీ చెయ్యి పట్టుకున్న వేళ్ళ గోళ్ళు నల్లబారి ఉన్నాయి. లైట్లన్నీ ఆమె మీదే ఉన్నాయి. హాల్లో చివరి బెంచీ దాకా ఇది కనిపిస్తూనే ఉండాలి. వాగ్దేవి హాలు వైపు చూసింది. అన్ని ముఖాలూ సగం సగం, అన్ని కళ్ళూ పెద్దవై, పక్కకి చూస్తున్నాయి. పక్కవాళ్ళు ఏమీ కానట్టు కూర్చున్నారు కాబట్టి ఏమీ కాలేదు.

మూడంకెలు ఎప్పుడో అయిపోయాయి. ఉపకులపతి గొంతు సవరించుకున్నారు. వాగ్దేవి ఒడిలోని మాస్కు తీసి పెట్టుకుంది. చప్పట్లు మార్మోగాయి. పరిశీలక బృందం వాళ్ళు ఒకరి వైపొకరు చూసుకుని, తామూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్ల మధ్యలోనే ఆమె లేచి నిలబడింది. ఇది రిహార్సల్లో లేదు. నూకరత్నం చంక కింద చెయ్యి వేసి, లే రత్నం, నెమ్మదిగా, అంది. ఉపకులపతి మైకు చేత్తో మూసి, ఇంకా వందన సమర్పణ ఉందమ్మా అన్నారు. వాగ్దేవి ఆయన చేతి కింది మైకు దగ్గరికి వంగింది. మాటను వెనక్కి పిలవడానికి వ్యవధి లేదు. ఉన్నది ఉన్నట్టు, జుట్టు రేగిపోయినట్టే బయటికి వచ్చేసింది.

"ఈ అమ్మాయికి జ్వరం. ఊపిరాడడం లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను."

మైకు సగం మూసి ఉన్నా హాలంతా వినిపించింది. సదాశివంగారు కుర్చీలోంచి లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచారు. ఆమె ఆయన్ని చూసింది గానీ ఆగలేదు. స్టేజీ మెట్లు దిగి, ఒక్కొక్క అడుగే వేయిస్తూ, బెంచీల మధ్య నుంచి నడిపించుకుపోయింది. నూకరత్నం బరువంతా ఆమె భుజం మీదే ఉంది. ఏమీ అనని ముఖాలు రెండు వైపులా దాటిపోతున్నాయి. దాటిపోతున్నాయి, అంతే. ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు వాటిని. భయపడుతున్న పిల్లల ముఖాలు.

గుమ్మం దాటుతుంటే వెనక ఎవరో దగ్గారు. మింగకుండా, నోరారా. హాలు ఒక్క క్షణం బిగుసుకుంది. ఇంకో మూల నుంచి ఇంకొకరు. తరువాత బెంచీలు జరిగిన చప్పుడు. ఇది కార్యక్రమంలో రెండో దశ అని ఉపకులపతి మైకులో బృందానికి వివరించడం వినిపించింది.

బయట ఎండ కళ్ళకు మిరుమిట్లు గొలిపింది. ఎవరికీ జ్వరం లేదన్న గోడ పక్క నుంచి, జనరేటరు షెడ్డు చుట్టూ తిరిగి, నూనె మరకల మీద జారకుండా, ఇద్దరూ ఆ చిన్న తలుపు దాకా వచ్చారు. అక్కా, నాకేమీ కాదుగా, అంది నూకరత్నం, మాటకీ మాటకీ మధ్య ఊపిరి వెతుక్కుంటూ. ఏమీ కాదు, లోపల ఆక్సిజన్ ఉంది, మాట్లాడకు, అంది వాగ్దేవి.

వెనక అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. ఒకరివి కావు. చెప్పులు, బూట్లు, ఎవరో ఎవరినో మెల్లిగా, మెల్లిగా అంటున్నారు. ఎవరో ఆగి దగ్గి మళ్ళీ నడుస్తున్నారు. ఎంతమందో, ఎవరెవరో, ఏమనుకుంటూ వస్తున్నారో.

వాగ్దేవి తిరిగి చూడలేదు. నూకరత్నం నడుము చుట్టూ ఒక చెయ్యి గట్టిగా పట్టి, రెండో చేత్తో తలుపు తట్టింది.